డ్యూరర్ చెక్కిన ఫ్రెడరిక్ ప్రభువు బొమ్మ: 1933–1945 మధ్య ఈ కాగితం ఎవరింట్లో ఉంది?

సుధ_పి | శనివారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. నేను అమెరికాలో మిడ్‌వెస్ట్‌లో ఉంటాను. శని, ఆదివారాల్లో మా ఊరి మ్యూజియంలో వాలంటీరుగా వచ్చినవాళ్ళకు బొమ్మలు చూపించి వివరిస్తుంటాను. పోయిన నెల ప్రింట్ల గదిలో కొత్త ప్రదర్శన పెట్టారు. అందులో జర్మన్ చిత్రకారుడు ఆల్‌బ్రెష్ట్ డ్యూరర్ 1524లో రాగి రేకు మీద చెక్కి అచ్చువేసిన 'ఫ్రెడరిక్ ద వైజ్' ఉంది. ఆయన సాక్సనీ ప్రభువు, క్రైస్తవ మతసంస్కర్త మార్టిన్ లూథర్‌ను వార్ట్‌బర్గ్ కోటలో దాచి కాపాడినాయన. కాగితం చిన్నదే, ఎత్తు 19 సెంటీమీటర్లు, వెడల్పు 13 లోపే. దగ్గరికెళ్ళి చూస్తే గడ్డంలో ఒక్కో వెంట్రుకా విడిగా కనిపిస్తుంది.

పోయిన ఆదివారం ఏడెనిమిదేళ్ళ పిల్లాడు ఒకడు అడిగాడు: "ఇది జర్మనీది కదా, ఇక్కడికి ఎలా వచ్చింది?" పక్కనున్న చీటీ చదివాను. 19వ శతాబ్దంలో ఒక వేలం. తర్వాత 1948లో లండన్‌లో ఒక డీలర్ దగ్గర. 1956లో మా మ్యూజియానికి బహుమతి. మధ్యలో ఒక్క ముక్క లేదు. యుద్ధకాలమంతా ఖాళీ. ఆ పిల్లాడికి జవాబు చెప్పలేకపోయాను, ఇంటికొచ్చాక కూడా అదే ఆలోచన. ఎవరింటి గోడ మీదనుంచో, ఎవరి బీరువాలోంచో నాజీలు బలవంతంగా లాక్కున్నదై ఉంటే?

ఇలాంటివి ఎలా వెతుకుతారో తెలిసినవాళ్ళు చెప్పండి, దయచేసి.

నాగేశ్వర్76 | శనివారం, రాత్రి 11:15

సుధ గారూ, మీ బాధ అర్థమైంది. కానీ నాకొక సందేహం. ఇది అచ్చువేసిన బొమ్మ. ఇదే బొమ్మ లండన్‌లో, న్యూయార్క్‌లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో కూడా ఉంది. పెయింటింగ్ అయితే లోకంలో ఒక్కటే కాబట్టి ఎవరిదో తేల్చవచ్చు. ఒకే అచ్చులో డజన్ల కొద్దీ ప్రతులు ఉన్నప్పుడు "ఈ ప్రతి ఫలానావాళ్ళది" అని ఎవరైనా ఎలా రుజువు చేస్తారు?

రాగిరేకు | ఆదివారం, ఉదయం 6:50

నాగేశ్వర్ గారూ, నేను హైదరాబాద్‌లో ఇరవై ఏళ్ళుగా రాగి రేకుల మీద చెక్కి ప్రింట్లు తీస్తున్నాను. మీ ప్రశ్నకు నా చేతి అనుభవంతో జవాబు చెప్తాను.

బ్యూరిన్ అని ఒక చిన్న ఉక్కు పనిముట్టు ఉంటుంది. పిడిని అరచేతిలో ఆనించి, రేకును కింద తిప్పుకుంటూ గీత తోస్తాం. రాగి సన్నటి తీగలా లేస్తుంది. గీతల్లో సిరా నింపి, పైపైన ఉన్నదంతా గుడ్డతోనూ అరచేతితోనూ తుడిచేసి, తడిపిన కాగితం వేసి ప్రెస్‌లో నొక్కితే గీతల్లోని సిరా కాగితానికి ఎక్కుతుంది. తుడవడం ప్రతిసారీ చేతిపనే కనక ఏ రెండు ప్రతులూ ఒక్కలా రావు. ఒకదానిలో నీడలు నల్లగా దిగుతాయి, ఇంకోదానిలో బూడిద రంగు పొర మిగులుతుంది. వందల ప్రతులు తీశాక సన్నగీతలు అరుగుతాయి. ముందు తీసిందేదో చివర తీసిందేదో కంటికే తెలుస్తుంది. యోసెఫ్ మెడర్ అనే ఆయన 1932లో వియన్నాలో డ్యూరర్ ప్రింట్ల కేటలాగ్ వేశాడు. ప్రతి బొమ్మకూ ముందు తీసిన ప్రతులెలా ఉంటాయి, తర్వాతివెలా ఉంటాయి, ఏ కాగితంలో ఏ వాటర్‌మార్క్ ఉంటుంది అన్నది అందులో వరసగా ఉంటుంది. ఇప్పటికీ అందరూ అదే తెరుస్తారు.

ఇదంతా ముందు వైపు సంగతి. ప్రెస్‌లోంచి బయటికొచ్చాక ఆ కాగితం 500 ఏళ్ళు బతికింది. ఒకాయన అంచులు కత్తిరించాడు, ఒకాయన ఆల్బమ్‌లో అంటించాడు, ఇంకొకాయన వెనక తన ముద్ర కొట్టాడు. పురుగు తిన్న చిల్లి ఉంటుంది, మడత ఉంటుంది, పెన్సిల్ అంకె ఉంటుంది. ఊళ్ళో ఒకే పేరున్నవాళ్ళు పదిమంది ఉన్నా పుట్టుమచ్చలు ఎవరివి వాళ్ళకే కదా.

అందుకే సుధ గారూ, ముందు దాని వెనక వైపు చూడండి. ఫ్రేములో ఉన్నంతవరకు మీకు కనిపించేది సగమే.

బెర్లిన్_కిరణ్ | ఆదివారం, ఉదయం 11:30

రాగిరేకు గారు చక్కగా చెప్పారు. నేను బెర్లిన్‌లో పాత కాగితాలను స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టే పనిలో ఉన్నాను. కొన్ని సంగతులు చెప్తాను, కాస్త పెద్దదే.

ముందు ముద్రలు. ప్రింట్లు సేకరించేవాళ్ళు కాగితం వెనకో, అంచు దగ్గరో చిన్న ముద్ర కొట్టుకునేవాళ్ళు. ఫ్రిట్స్ లుఖ్ట్ అనే డచ్చాయన ఈ ముద్రలన్నీ పోగుచేసి 1921లో ఒక పుస్తకం, 1956లో దానికి అనుబంధం వేశాడు. పారిస్‌లో ఆయన స్థాపించిన ఫోండాసియోఁ కుస్టోడియా ఇప్పుడు వాటిని ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది. ముద్ర ఆకారం, అక్షరాలు, రంగు ఇచ్చి వెతకవచ్చు. ముద్ర దొరికితే మనిషి దొరికినట్టే.

తర్వాత లాక్కున్నవాళ్ళ గుర్తులు. ఫ్రాన్స్‌లో రోజెన్‌బర్గ్ దళం అనే నాజీ దోపిడీ దళం దోచుకున్నవాటిని పారిస్‌లోని జ్యూ ద పోమ్ భవనంలో పోగుచేసి, ఎవరి ఇంటినుంచి తెచ్చారో తెలిసేలా అక్షరం, అంకె వేసింది. రోత్‌షీల్డ్ కుటుంబానివైతే 'ఆర్', డేవిడ్-వేల్‌వైతే 'డీడబ్ల్యూ'. ఆ రికార్డుల్లోని 20,000కు పైగా వస్తువులు ఇవాళ డేటాబేస్‌లో ఉన్నాయి. యుద్ధం అయ్యాక అమెరికన్లు మ్యూనిక్‌లో నడిపిన సేకరణ కేంద్రం కూడా వచ్చిన వస్తువులకు తన సంఖ్య ఇచ్చింది. వెనక అలాంటిదేమైనా కనిపిస్తే దారి వెంటనే దొరుకుతుంది.

కానీ చాలా ప్రింట్లకు ఇవేవీ ఉండవు. ఎందుకంటే దోపిడీ అంతా తుపాకీ పెట్టి జరగలేదు. 1938 ఏప్రిల్ 26న జర్మనీలో ఒక ఉత్తర్వు వచ్చింది. 5,000 రైష్‌మార్కులకు మించి ఆస్తి ఉన్న యూదులంతా దాన్ని నమోదు చెయ్యాలి. దేశం వదిలి పోవాలంటే ఆస్తిలో నాలుగో వంతు 'పారిపోయే పన్ను' కింద కట్టాలి. ఆ పన్ను కట్టడానికి, టిక్కెట్లు కొనడానికి, ఇల్లు గడవడానికి జనం వచ్చిన ధరకు అన్నీ అమ్మేశారు. పెద్ద పెయింటింగ్‌కు జాబితాలో ఒక వరుస, ఒక ఫోటో. ప్రింట్లకు మాత్రం "ఒక అట్ట ఫోల్డర్, అందులో ప్రింట్లు" అని రాసి ఒక్క మొత్తం వేసేవాళ్ళు. ఇలాంటి జాబితాలు నా చేతులమీదుగా వెళ్ళాయి. ఆ ఒక్క వరుసలో ఒక మనిషి ముప్పై ఏళ్ళ సేకరణ ఉంటుంది. చదువుతుంటే కడుపులో దేవినట్టుంటుంది.

1930–1945 మధ్య జర్మన్ వేలం కేటలాగులు వేలల్లో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం, గెట్టీ సంస్థ కలిసి ఆన్‌లైన్‌లో పెట్టాయి. వాటిలో 'డ్యూరర్, ఫ్రెడరిక్, బార్ట్ష్ 104' అని వెతికితే దొరుకుతుంది. (బార్ట్ష్ అన్నది 19వ శతాబ్దం మొదట్లో వియన్నాలో వేసిన ప్రింట్ల కేటలాగ్ నంబరు. ఫ్రెడరిక్ బొమ్మది 104.) చిక్కల్లా ఏమిటంటే, చాలాచోట్ల ఫోటో ఉండదు. 'మంచి ప్రతి, అంచులు కత్తిరించారు' అని ఒక్క మాట. నాగేశ్వర్ గారు అడిగిన ప్రశ్న కరెక్టుగా ఇక్కడికే వస్తుంది. పేరు దొరుకుతుంది, అది ఈ కాగితమేనని చెప్పడానికి ఒక పుట్టుమచ్చ కావాలి.

మాస్టారు_రాజమండ్రి | ఆదివారం, సాయంత్రం 5:20

అమ్మా సుధా, నేను రాజమండ్రిలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ముప్పై ఏళ్ళు లూథర్ గురించి చెప్పానుగానీ ఈ బొమ్మను పెద్దదిగా చూసింది మొన్న మా అమ్మాయి టాబ్లెట్‌లోనే. బొమ్మ కింద ఒక పలక ఉంది, చూశావా? లాటిన్‌లో మొదటి మాట 'క్రీస్తుకు అంకితం'. దేవుని వాక్యాన్ని గొప్ప భక్తితో ఆదరించాడు, రాబోయే తరాలు ఎప్పటికీ గౌరవించదగినవాడు అని దాని భావం. చివర్లో కొన్ని పొడి అక్షరాలు ఉంటాయి. వాటిని విప్పితే 'యోగ్యుడైనవాడికి, బతికున్నవాడు బతికున్నవాడికి చేసింది' అని వస్తుంది. అలాంటి మాట మామూలుగా సమాధి పలకల మీద రాస్తారు. డ్యూరర్ బతికున్న మనిషికి రాశాడు. ఆ మరుసటి ఏడాది, 1525 మే నెలలో, ఫ్రెడరిక్ చనిపోయాడు.

ఇక యుద్ధకాలం గురించి. మా అమ్మాయి బ్రెమెన్‌లో ఉంటుంది. అక్కడి కున్స్ట్‌హల్లె మ్యూజియానికి నన్ను రెండుసార్లు తీసుకెళ్ళింది. 1851లో క్లుగ్‌కిస్ట్ అనే సెనేటరు తన డ్యూరర్ సేకరణ మొత్తం ఆ మ్యూజియానికి రాసిచ్చాడు. 1943లో బాంబుల భయంతో 50 పెయింటింగులు, 1,715 డ్రాయింగులు, దాదాపు 3,000 ప్రింట్లు మూటగట్టి బెర్లిన్‌కు వాయవ్యంగా కార్న్‌త్సో కోట నేలమాళిగలో దాచారు. 1945లో సోవియట్ సైన్యం అక్కడికి చేరింది. విక్టర్ బాల్దిన్ అనే కెప్టెన్ ఆ గదిలోకి దిగేసరికి కాగితాలు నేలమీద చెల్లాచెదురుగా ఉన్నాయి, సైనికులు తొక్కుతూ తిరుగుతున్నారు. ఆయన వృత్తికి వాస్తుశిల్పి. చూడగానే విలువ తెలిసింది. 362 డ్రాయింగులు, రెండు చిన్న పెయింటింగులు సూట్‌కేసులో పెట్టుకుని మాస్కో తీసుకెళ్ళి, 1948లో అక్కడి వాస్తుశిల్ప మ్యూజియానికి అప్పగించాడు. తర్వాత ఆ మ్యూజియానికే డైరెక్టరయ్యాడు. అప్పుడు ఆయన చేసిన పని ఏమిటంటే, ఇవి బ్రెమెన్‌వి, తిరిగి ఇచ్చెయ్యండి అని సోవియట్ నాయకులకు ఒకరి తర్వాత ఒకరికి ఉత్తరాలు రాయడం. 1997లో చనిపోయేదాకా ఆయన కోరిక తీరలేదు.

మిగతా కాగితాలు ఒక్కొక్క సైనికుడి సంచిలో ఒక్కొక్క ఊరు చేరాయి. వాటిలో ఒక మాజీ సైనికుడి దగ్గరున్న 101 కాగితాలు 1993లో మాస్కోలోని జర్మన్ రాయబార కార్యాలయానికి చేరి, 2000లో బ్రెమెన్‌కు తిరిగొచ్చాయి. వాటిలో డ్రాయింగులూ ఉన్నాయి, ప్రింట్లూ ఉన్నాయి. కొన్ని డ్రాయింగులు బాకూ మ్యూజియంలో తేలాయి. అక్కడినుంచి 1993లో దొంగలు ఎత్తుకుపోతే 1997లో న్యూయార్క్‌లో పట్టుకున్నారు. 2001లో బ్రెమెన్ చేరాయి.

మ్యూజియం ముద్రా జాబితా నంబరూ ఉండబట్టి అవి ఎక్కడివో తేలింది. ఇంట్లో సొంతంగా దాచుకున్నవాడి పరిస్థితి వేరు. ఇల్లూ పోయె, జాబితా పోయె, చాలాసార్లు మనిషే పోయె.

నాగేశ్వర్76 | ఆదివారం, రాత్రి 9:05

రాగిరేకు గారూ, కిరణ్ గారూ, మాస్టారూ, నేను తప్పుగా అనుకున్నాను, ఒప్పుకుంటున్నాను. అచ్చు ఒకటే అయినా కాగితం వేరన్న సంగతి నాకు తట్టలేదు. ఇంకో ప్రశ్న. వారసులు దొరికారు, రుజువు కూడా దొరికింది అనుకుందాం. మ్యూజియం ఇచ్చితీరాలా?

అనూష_లండన్ | సోమవారం, ఉదయం 7:45

నాగేశ్వర్ గారూ, ఇది నేను కోర్టుల్లో చూసే విషయం కనుక నేను చెప్తాను. ఏ దేశం, ఏ మ్యూజియం అన్నదాన్నిబట్టి జవాబు మారుతుంది.

ఆర్తర్ ఫెల్డ్‌మాన్ అని బ్రనోలో ఒక లాయరు ఉండేవాడు. పాత మాస్టర్ల డ్రాయింగులు 750 దాకా సేకరించాడు. 1939 మార్చిలో జర్మన్ సైన్యం చెకోస్లొవేకియాలోకి వచ్చినప్పుడు ఇల్లూ సేకరణా లాక్కున్నారు. ఆయనను జైల్లో పెట్టారు, 1941లో చనిపోయాడు. భార్య ఆష్విట్జ్ మరణ శిబిరంలో చనిపోయింది. ఆ డ్రాయింగుల్లో నాలుగు యుద్ధం అయ్యాక బ్రిటిష్ మ్యూజియం చేరాయి. కుటుంబం అడిగింది. మ్యూజియం కూడా కాదనలేదు, ఇవ్వాలనే అనుకుంది. కానీ 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం ప్రకారం సేకరణలోని వస్తువును బయటికివ్వకూడదు. నైతిక బాధ్యత ఉన్నా సరే చట్టాన్ని దాటలేరని 2005లో హైకోర్టు తేల్చింది. 2006లో ప్రభుత్వ సలహా సంఘం చెప్పాక కుటుంబానికి 175,000 పౌండ్లు పరిహారంగా వచ్చాయి. డ్రాయింగులు మాత్రం మ్యూజియంలోనే ఉండిపోయాయి. 2009లో కొత్త చట్టం తెచ్చి, నాజీ కాలంలో లాక్కున్నవాటిని తిరిగి ఇవ్వడానికి 17 జాతీయ సంస్థలకు వీలు కల్పించారు.

అమెరికాలో మీ మ్యూజియం లాంటివాటికి ఆ అడ్డంకి లేదు. 1998 డిసెంబరులో వాషింగ్టన్‌లో 44 దేశాలు కొన్ని సూత్రాలు ఒప్పుకున్నాయి. వాటికి చట్టబలం లేదు. కానీ వెతకాలి, దొరికింది బయటపెట్టాలి, న్యాయమైన పరిష్కారం చూడాలి అన్నది అందరూ ఒప్పుకున్న మాట. అమెరికన్ మ్యూజియాల సంఘం కూడా మార్గదర్శకాలు ఇచ్చింది. 1946కు ముందు చేసినవి, 1932 తర్వాత మ్యూజియంలోకి వచ్చినవి, ఆ మధ్యలో యూరప్‌లో చేతులు మారినవి లేదా మారి ఉండే అవకాశం ఉన్నవి వెతికి బయటపెట్టాలి. అయితే ముందు యూరోపియన్ పెయింటింగులూ యూదుల మతసంబంధ వస్తువులూ చూడమన్నారు. ప్రింట్ల వంతు ఆలస్యంగా వచ్చింది. సుధ గారి చీటీలో ఖాళీ అలాగే మిగలడానికి ఇదే ముఖ్య కారణం అయ్యుంటుంది. ఎవరూ మోసం చెయ్యకపోయినా వేల కాగితాలున్న చోట ఒక్కోదాని వెనక తిప్పి చూసే చేతులు తక్కువ.

గోదావరి_బిడ్డ | సోమవారం, ఉదయం 8:30

అనూష గారూ, ఆ 1963 చట్టమేగా మన అమరావతి శిల్పాలకూ అడ్డం? 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి 1859లో లండన్ చేరాయి, ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. మరి వాటికెందుకు చట్టం మార్చలేదు?

అనూష_లండన్ | సోమవారం, ఉదయం 9:10

అదే చట్టం. 2009లో తెచ్చిన వీలు 1933–1945 మధ్య పోయినవాటికే వర్తిస్తుంది. అమరావతికి వర్తించదు. నేను గుంటూరు అమ్మాయిని, ఆ గదిలో నిలబడిన ప్రతిసారీ గుండె బరువెక్కుతుంది. మనవైపు మంచి ఉదాహరణ కూడా ఒకటుంది. ప్రకాశం జిల్లా చందవరం నుంచి పోయిన బౌద్ధ శిలాఫలకాన్ని ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ 2016లో తిరిగి ఇచ్చింది. అమరావతి గురించి వేరే చర్చ మొదలుపెడదాం, అక్కడ ఎంతైనా రాస్తాను. ఇక్కడ సుధ గారి కాగితం సంగతి తేలనిద్దాం.

సుధ_పి | గురువారం, రాత్రి 11:55

అందరికీ చేతులెత్తి దండం. క్యురేటర్‌కు మెయిల్ రాశాను. కోప్పడతారేమో అని టెన్షన్ పడ్డాను. ఆవిడ మర్నాడే జవాబిచ్చారు: ప్రదర్శన అయ్యాక ప్రింట్ రూమ్‌కు రండి, ఇద్దరం కలిసి చూద్దాం అని. అదృష్టంకొద్దీ కాంతి ఎక్కువ తగలకూడదని ఈ వారమే ఆ కాగితాన్ని మార్చారు. ఇవాళ చూసి వచ్చాను.

చేతులు కడుక్కుని కూర్చున్నాను. ఆవిడ మౌంట్ తెరిచి, కాగితాన్ని మెల్లగా తిప్పారు. నా చేతులు వణికాయి. నెలరోజులుగా వందలమందికి చూపించిన మనిషి వీపు మొదటిసారి చూసినట్టనిపించింది.

కనిపించినవి ఇవి. పై మూలలు రెండింట్లో పాత జిగురు మచ్చలు. పెన్సిల్‌తో '104', అది బార్ట్ష్ నంబరేనని కిరణ్ గారు చెప్పబట్టి నాకు వెంటనే తెలిసింది. నీలం క్రేయాన్‌తో '417'. కింద కుడివైపు కోడిగుడ్డు ఆకారంలో వెలిసిపోయిన చిన్న ముద్ర. ఇక కింద ఎడమవైపు, చిటికెన వేలి గోరంత మేర కాగితం పలచబడి ఉంది. దీపం మీద పెడితే అక్కడ వెలుతురు ఎక్కువగా వస్తోంది. వాటర్‌మార్క్ ఈ ముక్కలో పడలేదు. పారిస్ అక్షరాలు లేవు, మ్యూనిక్ సంఖ్య లేదు.

రాగిరేకు | శుక్రవారం, ఉదయం 6:15

సుధ గారూ, ఆ పలచబడిన చోటు నాకు నిద్ర పట్టనివ్వలేదు. జిగురు లాగినప్పుడు ఊడిన కాగితమైతే అంచు చిందరగా, పీచు లేచి ఉంటుంది. బ్లేడుతో గీకిందైతే అంచు నున్నగా, ఒక ఆకారంలో ఉంటుంది. ఏది? ముద్రను గీకేస్తే ఆ చోటే ఆకారం చెప్పేస్తుంది. అతినీలలోహిత దీపం కింద చూడమనండి. కంటికి కనిపించని సిరా మరక కూడా ఆ వెలుగులో ముదురుగా తేలవచ్చు.

సుధ_పి | శుక్రవారం, రాత్రి 9:20

నున్నగా ఉంది రాగిరేకు గారూ. గుండ్రంగా, నున్నగా ఉంది.

బెర్లిన్_కిరణ్ | ఆదివారం, సాయంత్రం 4:00

సుధ గారు పంపిన ఫోటోతో కోడిగుడ్డు ముద్రను లుఖ్ట్ డేటాబేస్‌లో పట్టుకున్నాను. 19వ శతాబ్దపు సేకర్త, ఆయన ప్రింట్లు 1900కు ముందే వేలమయ్యాయి. చీటీలో ఉన్న మొదటి వరుస నిజమేనని తేలింది. మనకు కావలసిన కాలానికి మాత్రం ఇది అక్కరకు రాదు.

నీలం క్రేయాన్ '417' వేలం నంబరులా ఉంది. 1930 నుంచి 1945 దాకా జర్మనీ, ఆస్ట్రియా కేటలాగుల్లో 417వ నంబరు డ్యూరర్ అయినవి రాత్రుళ్ళు కూర్చుని చూస్తున్నాను. ఇప్పటికి రెండు దొరికాయి. ఒకటి ఆడమ్-ఈవ్ బొమ్మ, ఇంకొకటి ఎరాస్మస్ అనే పండితుడి బొమ్మ. ఫ్రెడరిక్ కాదు.

డ్రాయింగులతో కలిసి తిరిగిన ప్రింట్ల సంగతి ఒకటి చెప్పాలి. ఫ్రాన్స్ కోనిగ్స్ అనే బ్యాంకరు సేకరణ రాటర్‌డామ్‌లోని బోయ్‌మన్స్ మ్యూజియంలో ఉండేది. 1940లో అందులో ఐదువందలకు పైగా డ్రాయింగులు హిట్లర్ కట్టదలచిన మ్యూజియం కోసం 14 లక్షల గిల్డర్లకు అమ్ముడుపోయాయి. డ్రెస్డెన్ చేరి, అక్కడినుంచి సోవియట్ సైన్యం చేతికి వెళ్ళాయి. దశాబ్దాలపాటు అవి ఉన్నట్టే ఎవరికీ తెలియదు. 2004లో ఉక్రెయిన్ 139 డ్రాయింగులతో పాటు 3 ప్రింట్లు నెదర్లాండ్స్‌కు తిరిగి ఇచ్చింది. ఏళ్ళ తరబడి కీవ్‌లో ఒక మ్యూజియం అరల్లో ఉన్నాయవి. కాబట్టి 417 ఎక్కడో ఉంది, నేను వెతకడం ఆపను.

నాగేశ్వర్76 | ఆదివారం, సాయంత్రం 6:30

కిరణ్ గారూ, సగం కేటలాగులు నాకు పంచండి. నాకు జర్మన్ రాదు, కానీ అంకెలు చదవగలను. 417 ఉన్న పేజీలన్నీ తీసి మీకు పంపిస్తాను. రిటైరైనవాణ్ణి, నాకు టైముంది.

సుధ_పి | మూడు వారాల తర్వాత, మంగళవారం, రాత్రి 10:10

కొత్త విషయం. క్యురేటర్ గారు మ్యూజియం పాత ఫైళ్ళు తవ్వించారు. 1956లో బహుమతి ఇచ్చిన దాత తన కాగితాలతో పాటు లండన్ డీలరు 1948లో రాసిన ఉత్తరం కూడా జతచేశాడట. ఇన్నేళ్ళూ అది రసీదుల కట్టలోనే ఉండిపోయింది. అందులో ఒక వాక్యం ఉంది. ఈ ప్రింట్ 1938లో వియన్నా నుంచి వచ్చేసిన ఒక పెద్దమనిషి సేకరణలోదని. పేరు రాయలేదు.

అనూష_లండన్ | మంగళవారం, రాత్రి 11:00

సుధ గారూ, ఆ ఒక్క వాక్యంతో కథ మారిపోయింది. జర్మన్‌లో దీనికి ఒక మాట ఉంది, తెలుగులో 'పారిపోతూ వెంట తెచ్చుకున్న సొత్తు' అనవచ్చు. ప్రాణాలు కాపాడుకోవడానికి దేశం దాటి, బయట సురక్షితమైన చోట అమ్ముకున్నవి. అది దోపిడీయేనా, స్వేచ్ఛగా అమ్మినట్టా అన్నదాని మీద స్విట్జర్లాండ్‌లోనూ జర్మనీలోనూ ఇప్పటికీ వాదన నడుస్తోంది. నా అభిప్రాయం అడిగితే, ఇల్లూ ఉద్యోగమూ లాక్కుని తరిమేశాక లండన్‌లో అద్దె కట్టడానికి డ్యూరర్‌ను అమ్ముకున్న మనిషి స్వేచ్ఛగా అమ్మాడని నేను అనలేను. కానీ ముందు ఆయనెవరో తెలియాలి. తనే అమ్మాడా, లేక లండన్ చేరకముందే ఎవరో లాక్కున్నారా అన్నదీ తెలియాలి. ఆ గీకిన ముద్ర అందుకే ముఖ్యం. తన సొంత ముద్రను అమ్మేవాడు తనే ఎందుకు గీకుతాడు?

వియన్నాలో వెతకడానికి ఒక మంచి చోటుంది. 1938లో ఆస్ట్రియా వదిలి వెళ్ళేవాళ్ళు కళాఖండాలు వెంట తీసుకెళ్ళాలంటే స్మారక చిహ్నాల కార్యాలయం అనుమతి తీసుకోవాలి. ఆ దరఖాస్తుల ఫైళ్ళు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి. ఒక్కో దరఖాస్తుకు వస్తువుల జాబితా జతచేసి ఉంటుంది. అక్కడికి రాయించండి.

మాస్టారు_రాజమండ్రి | బుధవారం, ఉదయం 5:40

అమ్మా, ఆ పెద్దమనిషి పేరు దొరికితే ముందు ఇక్కడ రాయి. రోజూ పొద్దున లేవగానే ఈ చర్చే తెరుస్తున్నాను.

సుధ_పి | శనివారం, సాయంత్రం 7:30

క్యురేటర్ గారు నిన్న వియన్నాకు ఉత్తరం పంపారు. వెనక వైపు ఫోటో, అతినీలలోహిత కాంతిలో తీసిన ఫోటో రెండూ జతచేశారు. ఆ వెలుగులో గీకిన చోట ఒక గుండ్రటి గీత, లోపల ఒక అక్షరం కింది సగం కనిపిస్తున్నాయి. 'కె' కావచ్చు, 'ఆర్' కావచ్చు. రెండు ఫోటోలూ వెబ్‌సైట్‌లో పెట్టారు, ఎవరైనా చూడవచ్చు. చీటీ కూడా మార్చారు. ఇప్పుడు దాని మీద '1938 వరకు వియన్నాలో ఒక సేకరణ, యజమాని పేరు వెతుకుతున్నాం' అని ఉంది.

ఇవాళ ఆ పిల్లాడు వాళ్ళమ్మతో మళ్ళీ వచ్చాడు. కాగితం గోడ మీద లేదు కాబట్టి, ఫోన్‌లో వెనక వైపు ఫోటో చూపించాను. వేలితో ఆ గుండ్రటి చోటు పెద్దది చేసి చాలాసేపు చూశాడు. "ఆర్ అనుకుంటా" అన్నాడు.

నాగేశ్వర్ గారూ, కిరణ్ గారూ, 1938 వియన్నా వేలాలు ముందు చూడండి.